ఇది నీకెవరిచ్చారు?

గడచిన సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు అటక మీదనుంచి పాత ట్రంకుపెట్టె ఒకటి దింపించాను. అడుగున, అట్ట ఊడిపోయి, అంచులకు చెదలు పట్టిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి దొరికింది. లోపలి పుటలో ఊదారంగు సిరాతో నా పేరు, దాని కింద "గణిత పోటీ, ప్రథమ బహుమతి" అన్న అక్షరాలు ఇంకా చెక్కు చెదరలేదు. మా అమ్మాయి అది చూసి, "నాన్నా, నీకు లెక్కల్లో బహుమతి వచ్చిందా?" అని ఎంతో గౌరవంగా అడిగింది. వచ్చిందన్నాను. ఆ మాట అంటూండగానే గొంతులో ఏదో అడ్డుపడింది.

ఎందుకంటే, ఆ బహుమతి నాకు రావలసింది కాదు. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు: నాకు, మా లెక్కల మాష్టారికి. మాష్టారు ఇప్పుడు లేరు. మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక, ఆ గుట్టు విప్పే భారం కూడా నాదే. ఇన్నాళ్ళూ కవిత్వం గురించీ కథల గురించీ రాసుకున్న ఈ పుటలో లెక్కలేమిటని మిత్రులు విసుక్కోకండి. బీజగణితం పేరు వినగానే పారిపోయేవారు కూడా చివరిదాకా రావచ్చు. ఇందులో కూడికలు, తీసివేతలు తప్ప పెద్ద గుణకారాలు లేవు. ఒక్కచోట ఉన్నది, అది నేనే చేసిపెట్టాను.

అప్పుడు నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. ఒక పోటీ పరీక్షలో చిట్టచివరి ప్రశ్న ఇది. ఒక సమితి ఉన్నది. అందులో ఏ రెండు అంశాలను తీసుకున్నా, వాటిని కలిపి అదే సమితిలోని మూడో అంశాన్ని ఇచ్చే పరిక్రియ ఒకటి ఉన్నది. దాని గుర్తు నక్షత్రం. ఇంగ్లీషువారు బైనరీ ఆపరేషన్ అనేది దీన్నే. ఆ నక్షత్రం కూడికా, గుణకారమా, మరొకటా అన్నది చెప్పరు. చెప్పేది రెండే న్యాయాలు:

ఒకటి: క ★ క = క.

రెండు: (క ★ చ) ★ ట = (చ ★ ట) ★ క.

క, చ, ట ల స్థానంలో ఏ అంశాలను పెట్టినా ఈ రెండూ నిజమే. నిరూపించవలసినవి కూడా రెండు. మొదటిది స్థిత్యంతర ధర్మం, అనగా క ★ చ, చ ★ క ఒకటేనని. రెండవది సహచర ధర్మం, అనగా (క ★ చ) ★ ట, క ★ (చ ★ ట) ఒకటేనని, కుండలీకరణాలు ఎక్కడ వేసినా తేడా రాదని.

మొదట గుండె జారింది. అంకెలు లేవు, సూత్రం లేదు, కనిష్ఠ పక్షం ఆ నక్షత్రం ఏమిటో కూడా తెలియదు. తరువాత, దేవుడి దయవల్లో శాపంవల్లో, రెండు పంక్తుల సాధన తట్టింది. రెండవ న్యాయం ప్రకారం (క ★ చ) ★ ట = (చ ★ ట) ★ క; అది క ★ (చ ★ ట); ఇంకేముంది, సహచర ధర్మం వచ్చేసింది! ఇక (క ★ చ) ★ చ తీసుకుంటే, సహచర ధర్మం వల్ల అది క ★ (చ ★ చ), అంటే క ★ చ. అదే (క ★ చ) ★ చ, రెండవ న్యాయం వల్ల (చ ★ చ) ★ క, అంటే చ ★ క. కనుక క ★ చ = చ ★ క. స్థిత్యంతర ధర్మమూ వచ్చేసింది. కాగితం ఇచ్చేసి, ఇంకా గంట సమయం ఉండగానే, ఛాతీ విరుచుకుని బయటికి వచ్చాను. దిద్దినవారెవరో పూర్తి మార్కులు వేశారు. నిఘంటువు చేతికి వచ్చింది.

ఆ నిఘంటువును చంకన పెట్టుకుని మాష్టారింటికి వెళ్ళాను. ఆయన వీధి అరుగు మీద పడక కుర్చీలో ఉన్నారు. "ఏం లెక్కరా, ఎలా చేశావు, రాసి చూపించు" అన్నారు. రాశాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, మొదటి పంక్తి మీద వేలు పెట్టి, "ఇది నీకెవరిచ్చార్రా?" అన్నారు.

నేను నిఘంటువు గురించి అడుగుతున్నారనుకున్నాను. "పోటీ పెట్టినవాళ్ళిచ్చారు మాష్టారూ" అన్నాను.

"పుస్తకం కాదురా. (చ ★ ట) ★ క ను తిప్పి క ★ (చ ★ ట) అని రాశావే, అలా తిప్పవచ్చని నీకెవరిచ్చారు? అదే కదా నిన్ను నిరూపించమన్నది!"

నా సాధన అంతా ఒక గుండ్రం. స్థిత్యంతర ధర్మాన్ని దొంగతనంగా వాడి సహచర ధర్మాన్ని తెచ్చాను. దానితో మళ్ళీ స్థిత్యంతర ధర్మాన్ని తెచ్చాను. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చి, ఆ డబ్బుతో అదే ఇల్లు కొన్నట్టు! అంతకన్న బాధ కలిగించిన సంగతి మరొకటి: దొంగతనం చేస్తున్నానని చేసేటప్పుడు నాకు తెలియదు. మూడూ నాలుగూ కూడినా, నాలుగూ మూడూ కూడినా ఏడే అని ఒకటో తరగతినుంచి చేతికి అలవాటై, పెన్ను తనంతట తానే తిప్పేసింది.

"వెళ్ళి చెప్పెయ్యనా మాష్టారూ?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "అది నీ ఇష్టంరా" అన్నారు. నేను చెప్పలేదు. ఆయన మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

౦ ౦ ౦

తరువాత చాలా ఏళ్ళకు తెలిసింది, ఆ ప్రశ్న మా పోటీవారు స్వయంగా తయారు చేసింది కాదని. అది 1971లో పట్నం పోటీలో ఇచ్చినది. పట్నమంటే మన పట్నం కాదు. విలియం లొవెల్ పట్నం అనే అమెరికా పెద్దమనిషి పేర 1938లో మొదలై, అమెరికా, కెనడా దేశాల కళాశాల విద్యార్థులకు జరిపే గణిత పోటీ. ఉదయం మూడు గంటలు ఆరు లెక్కలు, మధ్యాహ్నం మూడు గంటలు మరో ఆరు. లెక్కకు పది మార్కుల చొప్పున మొత్తం నూట ఇరవై. ఎంతో తెలివైన పిల్లలు రాసే ఆ పరీక్షలో, సరిగ్గా నడిమి విద్యార్థికి సున్నాయో, ఒకటో, రెండో మార్కులు వచ్చిన సంవత్సరాలు కొల్లలు. ఆ సంగతి తెలిశాక మనసు కొంత కుదుటపడిన మాట నిజం.

ఇలాంటి "నక్షత్రం లెక్కలు" ఆ పోటీలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. 2001 డిసెంబరులో ఇచ్చిన మొట్టమొదటి లెక్క చూడండి. ఒకే న్యాయం: (క ★ చ) ★ క = చ. నిరూపించవలసింది: క ★ (చ ★ క) = చ. అంతే!

చూపులకు రెండూ ఒకటే అనిపిస్తుంది. స్థిత్యంతర ధర్మం ఉంటే నిజంగానే మాటలతో పని లేదు. కానీ అది ఇవ్వలేదు, ఉండనక్కర కూడా లేదు. వారంలోని రోజులను ఆదివారం సున్నా, సోమవారం ఒకటి, ఇలా శనివారం ఆరు అని లెక్క పెట్టుకుందాం. క ★ చ అంటే, క కు మూడు రెట్లూ చ కు అయిదు రెట్లూ కూడి, ఏడుతో భాగించగా మిగిలిన శేషం అనుకుందాం. అప్పుడు 1 ★ 2 అంటే 13లో శేషం, 6. కానీ 2 ★ 1 అంటే 11లో శేషం, 4. రెండూ వేరు. అయినా ఇచ్చిన న్యాయానికి లోటు లేదు: (1 ★ 2) ★ 1 = 6 ★ 1 = 23లో శేషం, 2. ఏ రెండు రోజులు తీసుకున్నా ఇంతే. అందువల్ల ఇక్కడ "తిప్పి రాయడం" అబద్ధపు సాక్ష్యం చెప్పడమే.

మరి దారేది? ఇచ్చిన న్యాయంలో క, చ అన్నవి ఉత్త ఖాళీ గిన్నెలని గుర్తించడమే దారి. అందులో ఏది పోసినా న్యాయం నిలుస్తుంది. క, చ ల పేర్లు మార్చి పోస్తే (చ ★ క) ★ చ = క. కనుక క ★ (చ ★ క) లో మొదటి క ను తీసివేసి, దాని స్థానంలో (చ ★ క) ★ చ పెట్టవచ్చు. అప్పుడది [(చ ★ క) ★ చ] ★ (చ ★ క) అవుతుంది. ఇప్పుడు చ ★ క మొత్తాన్ని ఒకే అక్షరంగా చూడండి: ఒక వస్తువు, నడుమ చ, మళ్ళీ అదే వస్తువు. ఇచ్చిన న్యాయం ప్రకారం దాని విలువ చ. పని అయిపోయింది.

నా నిఘంటువు లెక్కకు కూడా ఇలాంటి దారే ఉన్నది, కాస్త పొడుగు:

క ★ చ = (క ★ చ) ★ (క ★ చ)
= [చ ★ (క ★ చ)] ★ క
= [(క ★ చ) ★ క] ★ చ
= [(చ ★ క) ★ క] ★ చ
= [(క ★ క) ★ చ] ★ చ
= (క ★ చ) ★ చ
= (చ ★ చ) ★ క
= చ ★ క.

ఎనిమిది అడుగులు. మొదటిదీ, ఆరవదీ, ఎనిమిదవదీ ఒకటో న్యాయం ఇచ్చినవి. మిగిలిన అయిదూ రెండో న్యాయం ఇచ్చినవి. స్థిత్యంతర ధర్మం ఇలా న్యాయంగా చేతికొచ్చాక, నేను పరీక్షలో రాసిన మొదటి పంక్తే సహచర ధర్మానికి నిర్దుష్టమైన నిరూపణ అవుతుంది. అంటే నా పంక్తి తప్పు కాదు, దాని ముందు ఉండవలసిన ఎనిమిది పంక్తులు లేకపోవడమే తప్పు. ఈ లెక్కలను సాధించే కిటుకులన్నీ ఒక్క మాటలోకి కుదించవచ్చు: ఇచ్చినదాన్ని ఎక్కడైనా, ఎంత పెద్ద ముక్కకైనా వాడుకో, ఇవ్వనిదాన్ని ముట్టుకోకు.

౦ ౦ ౦

ఈ బుద్ధి మనుషులకు ఎప్పుడు వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని కొన్నేళ్ళుగా తీరికవేళల్లో చదువుతున్నాను. చదివినకొద్దీ నాకు తేలినదేమంటే, నా తప్పు నా ఒక్కడిదే కాదు, మహామహులు చేసినదే.

కూడికా గుణకారమూ కాని కొత్త పరిక్రియను ఒకదాన్ని కల్పించి, దానితో లెక్క సాధించిన తొలి ఉదాహరణల్లో ఒకటి మన దేశంలోనే ఉన్నది. 628లో, ముప్ఫయ్యేళ్ళ వయసులో, బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం రాశాడు. అందులో ఒక ప్రశ్న: ఏ వర్గసంఖ్యను 92తో గుణించి ఒకటి కలిపితే మళ్ళీ వర్గసంఖ్య వస్తుంది? దీన్ని ఏడాదిలోగా చేయగలిగినవాడు గణకుడని ఆయన పందెం కూడా విసిరాడు. పోటీ లెక్కలు మనకు కొత్త కాదన్నమాట!

ఆయన మార్గం ఇది. సరిగ్గా ఒకటి దొరకకపోతే, దొరికినదానితో మొదలుపెట్టు. 10 వర్గం 100. అందులోంచి 92 తీసివేస్తే 8. కనుక పెద్దమూలం 10, చిన్నమూలం 1, క్షేపం 8. ఈ మూడింటినీ ఒక కట్టగా కట్టి, అలాంటి రెండు కట్టలను కలిపి మూడో కట్ట తయారు చేసే పద్ధతి చెప్పాడు. పెద్దమూలాలను గుణించి, దానికి చిన్నమూలాల లబ్ధానికి 92 రెట్లు కలిపితే కొత్త పెద్దమూలం. ఒక కట్టలోని పెద్దదాన్ని రెండవదానిలోని చిన్నదానితో అడ్డంగా గుణించి, రెండు లబ్ధాలనూ కూడితే కొత్త చిన్నమూలం. ఈ అడ్డగుణకారానికే వజ్రాభ్యాసమని పేరు. క్షేపాల లబ్ధం కొత్త క్షేపం. మన కట్టను దానితోనే కలిపితే 192, 20, క్షేపం 64. మూలాలను 8తో భాగిస్తే 24, రెండున్నర, క్షేపం 1. భిన్నం వచ్చింది కనుక దాన్ని మరొకసారి దానితోనే కలిపితే 1151, 120, క్షేపం 1. సరిచూసుకోండి: 120 వర్గం 14,400, దానికి 92 రెట్లు 13,24,800, ఒకటి కలిపితే 13,24,801, అది 1151 వర్గం.

ఈ పరిక్రియకు మన గణిత గ్రంథాలలో పేరు "భావన". నాకు ఆ మాటంటే చెప్పలేని ఇష్టం. ఆయుర్వేదంలో ఒక చూర్ణాన్ని మూలికారసం పోసి మళ్ళీ మళ్ళీ నూరడాన్ని కూడా భావన అనే అంటారు. రెండు కట్టలను కల్వంలో వేసి నూరితే మూడో కట్ట వస్తుంది. చాలకపోతే మళ్ళీ నూరు. అయితే "అన్నీ మనవాళ్ళకు ముందే తెలుసు" అనే వాదంలోకి నేను పోను. బ్రహ్మగుప్తుడు సాధించినది ఒక పరిక్రియను కల్పించి వాడుకోవడం. ఆ పరిక్రియకు ఏయే ధర్మాలున్నాయి, ఏయే ధర్మాలు లేకపోయినా ఫరవాలేదు అని ఆరా తీయవలసిన అవసరం ఆయనకు రాలేదు. ఆయన భావన బుద్ధిమంతురాలు. ముందువెనుకలు మార్చినా, కుండలీకరణాలు జరిపినా మారదు. తగవు పెట్టని కోడలి గుణాలను ఎవరూ విచారించరు కదా!

౦ ౦ ౦

తగవు పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చింది. అంతదాకా గుణకారం ధర్మాలకు పేర్లు కూడా సరిగా లేవు. స్థిత్యంతర, విభాగ ధర్మాలకు ఇప్పుడు ఐరోపా భాషల్లో వాడే పేర్లను 1814లో ఫ్రాన్సులో సెర్వ్వా అనే గణితజ్ఞుడు పెట్టాడు. ఊపిరిలాంటిదానికి పేరు పెట్టాలని అంతకు ముందు ఎవరికీ తోచలేదు.

1830లో కేంబ్రిడ్జిలో జార్జ్ పీకాక్ బీజగణితం మీద ఒక గొప్ప గ్రంథం వెలువరించాడు. బీజగణితంలోని గుర్తులు అంకెలకు బానిసలు కానక్కరలేదని, వాటికి అర్థం తరువాత చెప్పుకోవచ్చునని ధైర్యంగా అన్నాడు. అంత ధైర్యం చేసినవాడు మరుక్షణమే భయపడ్డాడు. అంకగణితంలో సామాన్యంగా నిజమైన రూపాలన్నీ ఈ కొత్త బీజగణితంలోనూ నిలిచే ఉండాలని ఒక నియమం పెట్టాడు. అంటే, గుర్తుకు స్వేచ్ఛ ఇచ్చాడు, అలవాటును మాత్రం కాపలా పెట్టాడు. ఆనాడు పరీక్ష గదిలో నా పెన్ను పాటించినది పీకాక్ నియమాన్నే.

డబ్లిన్‌లో విలియం రోవన్ హామిల్టన్ అప్పటికి ఏళ్ళ తరబడి ఒక చిక్కుతో పెనుగులాడుతున్నాడు. సంకీర్ణసంఖ్యలంటే జంటలు, వాటిని కూడవచ్చు, గుణించవచ్చు. అలాగే మూడేసి సంఖ్యల కట్టలను గుణించడం ఎలా? 1843 అక్టోబరు మొదటి రోజుల్లో, ఉదయం ఫలహారానికి దిగి రాగానే పిల్లలు "నాన్నా, త్రయాలను గుణించగలవా?" అని అడిగేవారనీ, తాను దిగులుగా తల అడ్డంగా ఊపి, "లేదు, కూడడం తీసివేయడం మాత్రమే చేతనవుతుంది" అనేవాడననీ ఆయనే తరువాత కొడుక్కి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. 1843 అక్టోబరు 16న, భార్యతో కలిసి రాయల్ కాలువ గట్టున నడుస్తూ రాయల్ ఐరిష్ అకాడమీకి వెళుతుండగా, బ్రూమ్ వంతెన దగ్గర మెరుపులా తట్టింది: మూడు చాలవు, నాలుగు కావాలి; ముందువెనుకల సమానత్వాన్ని వదులుకోవాలి. జేబులోని చాకు తీసి ఆ సూత్రాన్ని వంతెన రాతిమీద చెక్కాడు: ఐ² = జె² = కె² = ఐ జె కె = −1. ఇందులో ఐ ని జె తో గుణిస్తే కె. జె ని ఐ తో గుణిస్తే −కె. ఆ చెక్కుడు ఏనాడో చెరిగిపోయింది. 1958లో అక్కడ ఒక ఫలకం పెట్టారు.

నేనొక్కమాట అంటాను, గణితజ్ఞులు కోప్పడకూడదు. హామిల్టన్‌ను అన్నేళ్ళు అడ్డగించినవాటిలో ఒకటి, ఎవరూ ఇవ్వని ఒక ధర్మాన్ని ఇచ్చినట్టే భావించడం. అది వదిలిన క్షణాన దారి తెరుచుకుంది. నిజానికి స్థిత్యంతర ధర్మం లేని పరిక్రియ ఆంధ్రుల ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నాన్నకు అమ్మ నాన్నమ్మ. అమ్మకు నాన్న తాతయ్య. అవే రెండు మాటలు, వరస మారితే మనిషే మారిపోతాడు!

కొన్ని వారాలు తిరిగేసరికి, అదే సంవత్సరం డిసెంబరులో, హామిల్టన్ మిత్రుడు జాన్ గ్రేవ్స్ ఎనిమిదేసి సంఖ్యల కట్టలతో మరో గుణకారం తయారు చేశాడు. దానిలో కుండలీకరణాలు జరిపితే ఫలితం మారుతుందని 1844లో హామిల్టన్ కనిపెట్టాడు. సహచర ధర్మానికి పేరు అవసరమైనది ఆ సందర్భంలోనే. ఇంగ్లీషులో ఆ పేరు హామిల్టన్ పెట్టినదే. ఉన్నన్నాళ్ళూ పేరు లేదు, లేకుండా పోయినప్పుడు పేరు వచ్చింది. ఇదీ మన నిత్య వ్యవహారంలో ఉన్నదే. "పాత పుస్తకాల దుకాణం" అన్నామనుకోండి. పాత పుస్తకాలు అమ్మే కొత్త దుకాణమా, కొత్త పుస్తకాలు అమ్మే పాత దుకాణమా? కుండలీకరణం ఎక్కడ పడుతుందో దాన్నిబట్టి అర్థం.

తలుపు ఒకసారి తెరిచాక రాకపోకలు పెరిగాయి. 1847లో జార్జ్ బూల్ అనే బడిపంతులు, చెప్పులు కుట్టేవాని కొడుకు, తర్కానికి ఒక బీజగణితం రాశాడు. అందులో క ను క తో గుణిస్తే క యే. తెల్లని వస్తువులలోంచి తెల్లనివాటిని ఏరితే అవే కదా వచ్చేవి! నా నిఘంటువు లెక్కలోని మొదటి న్యాయం, క ★ క = క, అక్షరాలా బూల్‌గారి న్యాయమే. గ.సా.భా. కూడా ఈ జాతిదే: 12కూ 12కూ గ.సా.భా. 12, 12కూ 18కీ 6, ఎటునుంచి చూసినా 6. ఆ లెక్కలోని నక్షత్రం ఏమిటో తెలియదని భయపడ్డానే, అయిదో తరగతినుంచి దాన్ని ఎరుగుదును! 1854లో ఆర్థర్ కేలీ మరొక అడుగు ముందుకు వేశాడు. అంశాలేమిటో చెప్పకుండా, ఎక్కం పట్టికలాంటి పట్టిక గీసి, పరిక్రియ అంటే ఆ పట్టికేనని చూపించాడు. నక్షత్రం లెక్కకు అక్కడ పూర్తి పౌరసత్వం దొరికింది.

౦ ౦ ౦

పట్టిక అనగానే తేలిక అనుకోకూడదు. రెండే అంశాలున్న సమితిపై 16 పరిక్రియలు సాధ్యం. మూడు అంశాలైతే 19,683. నాలుగైతే 429 కోట్ల 49 లక్షల చిల్లర. ఈ అడవిలో మనిషి ఒంటరిగా తిరగలేడు.

1933లో హంటింగ్టన్ అనే అమెరికా గణితజ్ఞుడు బూల్ బీజగణితాన్ని కొద్ది న్యాయాలకు కుదించాడు. అందులో ఒక న్యాయానికి బదులు మరింత సులువుగా కనిపించే న్యాయం చాలదా అని హెర్బర్ట్ రాబిన్స్ అడిగాడు. పోటీ లెక్కలాగే కనిపించే ఆ ప్రశ్నకు ఆల్ఫ్రెడ్ టార్‌స్కీ అంతటివాడికీ, ఆయన శిష్యులకూ కూడా జవాబు దొరకలేదు. 1996 అక్టోబరులో, అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో, విలియం మెక్యూన్ రాసిన ఈక్యూపీ అనే ప్రోగ్రాము సుమారు ఎనిమిది రోజులు నడిచి, చాలునని నిరూపించింది. అరవై మూడేళ్ళ తరువాత!

2024 సెప్టెంబరులో టెరెన్స్ టావ్ ఇంకా విచిత్రమైన పని తలపెట్టాడు. ఏ ధర్మమూ లేని ఉత్త పరిక్రియతో కూడిన సమితిని మాగ్మా అంటారు. నక్షత్రాన్ని నాలుగుసార్లకు మించకుండా వాడి ఎన్ని న్యాయాలు రాయవచ్చు? ఉత్త పేర్ల మార్పిడులు మినహాయిస్తే 4,694. వాటిలో ఏ న్యాయంనుంచి ఏ న్యాయం వస్తుంది? ఒక్కొక్కదాన్నీ మిగిలిన ప్రతిదానితో జత కడితే 2,20,28,942 ప్రశ్నలు. వృత్తి గణితజ్ఞులు, ఔత్సాహికులు, కంప్యూటర్లు కలిసి కూర్చుని, నెలల వ్యవధిలో వాటన్నిటికీ అవుననో కాదనో తేల్చారు. 2025 ఏప్రిల్ నాటికి ఆ జవాబులన్నీ లీన్ అనే నిరూపణ భాషలో సరిచూడబడ్డాయి. ఆ 4,694లో పద్నాలుగవదీ ఇరవై తొమ్మిదవదీ ఏమిటో తెలుసా? 2001 పట్నం పోటీ మొదటి లెక్కలోని ఆ రెండు న్యాయాలే.

ఆ భాష ఏమి చేస్తుందో చదివినప్పుడు నాకు మాష్టారి వీధి అరుగు కళ్ళముందు నిలిచింది. మనం ఒక పంక్తి రాస్తాం. అది ఏ న్యాయంవల్ల వచ్చిందో చూపితే తప్ప ఆ యంత్రం ముందుకు పోనివ్వదు. "తెలిసిందే కదా" అంటే ఒప్పుకోదు. "అందరూ అలాగే రాస్తారు" అన్నా ఒప్పుకోదు. రెండు కోట్ల ఇరవై లక్షల ప్రశ్నలకు ప్రతి అడుగులోనూ అది అడిగేది ఒకటే: ఇది నీకెవరిచ్చారు?

ఈ మధ్య కుతూహలం కొద్దీ లీన్ నేర్చుకుని, నా పాత రెండు పంక్తుల సాధనను అలాగే టైపు చేశాను. మొదటి పంక్తి దగ్గరే ఎర్రగీత పడింది. మాష్టారు వేలు పెట్టిన చోటే! తరువాత ఎనిమిది అడుగులూ టైపు చేశాను. గీత పోయింది. నేను మాత్రం చాలాసేపు ఆ తెర ముందునుంచి లేవలేకపోయాను.

ఆనాడు మాష్టారు "అది నీ ఇష్టంరా" అన్న మాటను ఇన్నేళ్ళూ క్షమాపణగా తీసుకుని బతికాను. అది క్షమాపణ అని నాకెవరిచ్చారు? ఆయన ఇచ్చినది మాట మాత్రమే. దాన్ని నాకు అనుకూలంగా తిప్పి రాసుకున్నది నేను.

మా అమ్మాయిని పిలిచి నిఘంటువు కథ అంతా చెప్పాను. అది కాసేపు ఊరుకుని, "అయితే ఇప్పుడు ఎనిమిది లైన్లూ వచ్చు కదా నాన్నా?" అన్నది. వచ్చన్నాను. ఈసారి గొంతులో ఏమీ అడ్డుపడలేదు. నిఘంటువు లోపలి పుటలో, ఊదారంగు అక్షరాల కింద, ఆ ఎనిమిది పంక్తులూ పెన్సిలుతో రాసి, తేదీ వేసి పెట్టాను.

పైన రాసినవాటిలో ఎక్కడైనా ఇవ్వనిదాన్ని వాడేసి ఉంటే, మిత్రులు మొహమాటపడకుండా వేలు పెట్టి చూపించండి. ఈసారి మాత్రం తప్పకుండా దిద్దుకుంటాను.